కాలవ కట్ట కింది ఇల్లు

నరసరావుపేటలో పరుపులకేం కరువు లేదు. స్పాంజి పరుపులు, స్ప్రింగు పరుపులు, నడుంనొప్పి పరుపులు, ఫోన్లో నొక్కితే చుట్టచుట్టి గుమ్మంలో పడేసిపోయే పరుపులు. అయినా పెళ్లికూతురికి పక్క కావాలన్నా, బాలింతరాలికి మెత్తటి బొంత కావాలన్నా తెలిసినవాళ్లు పీరాంబీనే వెతుక్కుంటూ వస్తారు. దూదేకుల వాళ్ల కోడలు. పుట్టిల్లు బొల్లాపల్లి. మనిషి పీలగా ఉంటుంది గానీ గొంతు విప్పిందంటే వీధి చివర కుక్క కూడా లేచి కూర్చుంటుంది. మొగుడు సుభానీ మిషను మీద దూది ఏకుతాడు, ఆమె నింపి కుడుతుంది. మాటలన్నీ ఆమెవి, ఊ కొట్టడం అతనిది.

ఆ పనిలో ఆమెకు రెండు కట్టుబాట్లు ఉన్నాయి. రెండూ అత్త నేర్పినవే. దూది నింపేది ఎప్పుడైనా సరే పరుపు చేయించుకునేవాళ్ల కళ్లెదుటే. పైన తెల్లటి దూది పరిచి లోపల పాత చెత్త కుక్కారన్న మాట పడకూడదు. ఇక రెండోది, ఏకించడానికి వచ్చిన పాత పరుపు మీద ఎంత మరకున్నా, ఎంత కంపు కొట్టినా అదెట్లా అయిందని అడక్కూడదు. "మంచం మీద సంగతి మంచం మీదే ఉండాలే. మనం అడిగామంటే వాళ్లు మళ్లీ మన గడప తొక్కరు" అనేది అత్త. ఎవరింట్లో ఏం కూర వండారో కూపీ లాగే పీరాంబీ, పరుపు విప్పేటప్పుడు మాత్రం నోటికి తాళం వేసుకునేది.

కాంతమ్మ గారితో స్నేహం అట్లాగే కుదిరింది. ఆమెది సాగర్ కాలవ కట్టకు దిగువన ఉన్న వీధి. భర్త త్రికోటేశ్వరరావుది మిర్చి వ్యాపారం. నుదుట ఇంత బొట్టు, మెడలో తులసిపూసలు, ఏ సోమవారమూ ఉపవాసం తప్పని మనిషి. ఒక పాత పరుపు ఏకించడానికి ఆటోలో వేయించుకొచ్చి, ముక్కాలిపీట వేసుకుని సాయంత్రం దాకా కదలకుండా కూర్చుంది. కుట్టడం అయ్యాక కూడా, "ఆ మూల ఒకసారి విప్పవే, పాత పీచు కలిపావేమో చూస్తా" అంది. సుభానీ మొహం చిన్నబోయింది. పీరాంబీకి మాత్రం భలే నచ్చింది. సరుకు తీసుకునే మనిషంటే ఇట్లా ఉండాలి అనుకుంది. ఆ పాత పరుపు అడుగు భాగమంతా నల్లబడి, ముద్దకట్టి, బూజు వాసన కొట్టింది. పీరాంబీ అడగలేదు. కాంతమ్మ గారే, "మా మనవడు పక్క తడుపుతాడే" అని నవ్వేసింది. ఆ రోజు నుంచి ఈమెకు ఆమె అక్క, ఆమెకు ఈమె పీరీ.

దూదేకేవాళ్లకు అద్దె ఇల్లు దొరకడం ఎంత కష్టమో పడ్డవాళ్లకే తెలుసు. దుమ్ము లేస్తోందని ఒకరు, మిషను మోత అని ఇంకొకరు, మూటా ముల్లే సర్దుకోమనేవాళ్లే. సొంత ఇల్లన్నది పీరాంబీకి పిచ్చిగా మారింది. కాబట్టి ఆ ఎండాకాలం కాంతమ్మ గారు వచ్చి, "మేం అపార్టుమెంటుకు పోతన్నామే. ఇల్లు బయటోళ్లకెందుకు, నువ్వు తీసుకోరాదూ?" అన్నప్పుడు ఆమె కాళ్లు నేల మీద నిలవలేదు.

చూడటానికి వెళ్లారు. వేసవి కదా, కాలవ ఎండిపోయి పిల్లలు అందులో క్రికెట్ ఆడుతున్నారు. ఇల్లు చల్లగా, శుభ్రంగా ఉంది. గోడలకు కొత్త రంగు. మంచాల కోళ్ల కింద, బీరువా కింద, చివరికి బియ్యం డ్రమ్ము కింద కూడా ఇటుకలు పెట్టి ఉన్నాయి. ఊడ్చుకోవడానికి వీలుగా ఉంటుంది, ఎంత పనిమంతురాలు అని మెచ్చుకుంది పీరాంబీ. పెరట్లో బోరింగు ఉంది. ఊరికే చెయ్యి వేసి ఒక్కసారి కొట్టిందో లేదో బుడుంగున నీళ్లు పడ్డాయి. అంతే, బొల్లాపల్లి పిల్ల కరిగిపోయింది! అక్కడ ఎండాకాలం బిందె నిండాలంటే జబ్బలు పడిపోయేవి. నడివేసవిలో ఇంత పైకి నీళ్లున్న నేల, వానాకాలం కాలవ నిండితే ఏమవుతుందని ఇంకెవరైనా ఒక్క క్షణం ఆలోచించేవాళ్లేమో. మెట్ట ప్రాంతంలో పుట్టినదానికి నీళ్లు ఎక్కువైతే కష్టమన్న ఊహ ఎట్లా వస్తుంది? మొహం కడుక్కుని, "ఏమయ్యా, ఇంకేం చూడొద్దు" అంది మొగుడితో.

ఒంటి మీది బంగారం పోయింది, చీటీలు ఎత్తేశారు, సుభానీ తండ్రి ఇచ్చిన పొలం ముక్క అమ్మేశారు. రిజిస్ట్రేషను పీరాంబీ పేరున జరిగింది. సంతకం పెట్టబోయి ఆమె తటపటాయిస్తే కాంతమ్మ గారు భుజం మీద చెయ్యేసి, "ఏం భయం లేదులే" అంది. ఆ చెయ్యి ఎంత వెచ్చగా అనిపించిందో పీరాంబీ తర్వాత చానామందికి చెప్పింది, పళ్లు కొరుకుతూ.

ఆగస్టులో కాలవకు నీళ్లు వదిలారు. ఊరంతా సంబరం. పీరాంబీ కూడా కట్ట ఎక్కి చూసొచ్చింది. అప్పటికి ఎడ్లపాడు పెళ్లివారి పరుపుల పని ఆమె చేతిలో ఉంది. ఏకిన దూది మూటలు కట్టి వెనక గదిలో పేర్చి ఉంచారు. వారం తిరక్కుండానే ఒకనాటి పొద్దున మంచం దిగి కాలు పెడితే నేల తడిగా తగిలింది. "బిందె సరిగ్గా పెట్టవు, మనిషివేనా?" అని సుభానీని కాసేపు ఏకేసింది. తుడిచింది. స్టవ్వు వెలిగించి వచ్చేసరికి మళ్లీ తడి. వంగి చూసింది. బండలకూ బండలకూ మధ్య సందుల్లోంచి నీళ్లు, ఒంటికి చెమట పట్టినట్టు, చుక్కలు చుక్కలుగా పైకొస్తున్నాయి.

పీరాంబీకి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. పైనుంచి కారితే వాన అనుకుంటాం, పక్కనుంచి వస్తే పైపు అనుకుంటాం. కింద నేలలోంచి నీళ్లు రావడమేంటి? అప్పుడు గుర్తొచ్చింది దూది. పరుగెత్తి మూట ఎత్తబోతే లేవలేదు, రాయిలా బరువెక్కి ఉంది. గుంజితే అడుగున గుడ్డ చిరిగి, నీళ్లోడుతూ దూది ముద్దలు ఆమె కాళ్ల మీద పడ్డాయి.  వాటిని ఒడిలోకి ఎత్తుకుని పెరట్లోకి పరుగెత్తింది.

గోడ అవతలి నుంచి పొరుగింటి ఇంద్రజ తొంగి చూసింది. "వచ్చినయ్యా వదినా? ఇంకా రాలేదేందా అనుకుంటన్నా" అంది, పాలవాడి సంగతి అడిగినంత మామూలుగా!

"నీకు తెలుసా?"

"తెలియకపోవటమేంది? ఈ వరసంతా అంతేగా. కాలవ వదిలిన కాణ్ణించి చలికాలం పోయేదాకా ఊరతయ్యి. మీది ఇంకా పల్లం, అందుకని ముందు మీకొస్తయ్యి."

"మరి నేను చూడటానికొచ్చినప్పుడు నీ చేత్తో మజ్జిగిచ్చావు కదమ్మా! ఒక్క మాట చెప్పలేకపోయావా?"

ఇంద్రజ నొచ్చుకుంది. "భలేదానివే! సంబంధం కుదిరేటప్పుడు పక్కింటోళ్లు పోయి పిల్లకు మూర్ఛలున్నయ్యని చెప్తారా? వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు. ఇల్లయినా అంతే. ఒకళ్ల బేరం చెడగొట్టిన పాపం మాకెందుకు? రేపు మా ఇల్లు అమ్మేటప్పుడు మాకు మాత్రం అడ్డు పడరా?"

పీరాంబీ వీధంతా తిరిగింది. అందరికీ తెలుసు. కిరాణా కొట్టు అలీ సాహెబ్‌కు తెలుసు. ఇటుకలు తోలిన ట్రాక్టరు వాడికి తెలుసు. గృహప్రవేశానికి వచ్చి కడుపునిండా బిర్యానీ తిన్నవాళ్లందరికీ తెలుసు. ఒక్కరికీ సిగ్గన్నది లేదు, పైగా "అలవాటైద్దిలే" అని ఓదార్పు! నీళ్లు రావడం కంటే అదే ఆమెకు పెద్ద దెబ్బ. ఇంతమంది నోళ్లు ఒక్కటిగా ఎట్లా మూసుకున్నాయి?

కాంతమ్మ గారి అపార్టుమెంటు మూడో అంతస్తులో ఉంది. పీరాంబీ చెప్పులు చేత్తో పట్టుకుని, తడి చీర కుచ్చిళ్లతోనే మెట్లెక్కింది. దోవంతా తనలో తానే, అక్కకు తెలిసి ఉండదు, వాళ్లున్నప్పుడు నీళ్లు రాలేదేమో అని సర్ది చెప్పుకుంటూనే ఉంది. తలుపు తీసిన కాంతమ్మ గారు ముందు ఆ కుచ్చిళ్ల వంక చూసింది. చూసి కళ్లు దించుకుంది. అంతే, పీరాంబీకి ఇక ఏ సందేహమూ మిగల్లేదు.

"అక్కా, ఎందుకు చెప్పలా?"

"నువ్వు అడిగావా?"

 దూది చూస్తానని కుట్టు విప్పించిన మనిషి అనాల్సిన మాటేనా అది! లోపల్నుంచి త్రికోటేశ్వరరావు వచ్చాడు, చేతిలో పేపరుతో. "చెప్పకపోవటమేందమ్మా, చెప్పే అమ్మాం. అయినా మా పరుపు విప్పి ఏకింది నువ్వు కాదా? నేల మీద పరిస్తే అడుగు నుంచి తడిసి కుళ్లిన దూది నీ చేతుల్తోనే తీశావుగా. ఇంట్లో నేల ఊరుతుందని ఆ రోజే తెలియాల. పరుపుల పని చేసేదానివి, నీకు తెలియకపోతే ఎవరికి తెలుస్తది?"

 నిజమే. తడి పైనుంచి దిగలేదు, కిందనుంచి ఎక్కింది. పిల్లాడు పక్క తడిపితే పై దూది చెడుతుంది గాని అడుగు చెడుతుందా? వేళ్లతో విడదీసిన దూది అది, ముక్కుతో వాసన చూసిన దూది. ఎందుకక్కా అని ఒక్క మాట అడిగితే పోయేది. మర్యాదని అడక్కుండా ఊరుకుంది. ఆ మర్యాదనే ఇప్పుడు తెచ్చి మెడకు చుడుతున్నారు.  మెట్లు దిగి, రోడ్డు మీదకు వచ్చాక గాని చెప్పులు ఇంకా చేతిలోనే ఉన్నాయని తెలియలేదు.

సుకన్య అని కోర్టులో లాయరమ్మ ఉంది. ఆమె కాన్పుకు బొంత కుట్టిందీ పీరాంబీయే. అంతా విని, ఆమె నెమ్మదిగా చెప్పింది. "చట్టం నీ వైపే ఉంది పీరాంబీ. ఇంట్లో లోపం ఉందని అమ్మేవాళ్లకు తెలిసుండి, కొనేవాళ్లు మామూలు జాగ్రత్తతో చూస్తే కనపడనిదైతే, అమ్మేవాళ్లే నోరు తెరిచి చెప్పి తీరాలి. ఆస్తి బదిలీ చట్టంలోనే ఉంది. అడగలేదు కాబట్టి చెప్పలేదంటే చెల్లదు. కాకపోతే వాళ్లు చెప్పామంటున్నారు, నీకు ముందే తెలుసంటున్నారు. వాళ్లకు తెలుసు, నీకు చెప్పలేదు. ఈ రెండు మాటలూ అనగలిగిన మనిషి ఒక్కరు కావాలి. వీధిలో ఎవరైనా వస్తారా?"

ఎవరొస్తారు? తేలు కుట్టిన దొంగల్లా అందరూ తలుపులు వేసుకున్నారు. ఇంద్రజ ముందుకన్నా ఎక్కువ కూరలు పంపించింది గాని కోర్టు మాట ఎత్తితే, "మా ఆయన ఒప్పుకోడు వదినా" అంది. ఎడ్లపాడు పెళ్లివారు పరుపులు వేరేచోట చేయించుకున్నారు. పీరాంబీ చేతి దూది చెమ్మ వాసన కొడుతోందని నలుగురూ అనుకోవడం మొదలైంది. కూడు పెట్టే పనికే ఎసరొచ్చాక ఇక మనిషి ఏమైపోతుంది? నోరున్న పీరాంబీ మాటలు తగ్గించేసింది. ఆ నిశ్శబ్దానికి సుభానీ భయపడిపోయాడు.

కాలవకు నీళ్లు కట్టేశాక, ఎండలు ముదిరాక, కోర్టు దాకా ఎందుకని బ్రోకరు సుధీర్ బాబు రాజీ తెచ్చాడు. కాంతమ్మ గారి మొగుడు డబ్బు తిరిగివ్వడానికి ఒప్పుకోడు, ఉన్నదంతా కోల్డ్ స్టోరేజీ మిర్చిలో ఇరుక్కుంది. కానీ కొత్త బేరం తెచ్చిపెడతాడట, తక్కువకు పోతే ఆ తేడా మాత్రం తను భరిస్తాడట. "మీ డబ్బు మీకొస్తది, గొడవ ఉండదు. ఒక్కటే షరతు. చూడటానికొచ్చినోళ్ల ముందు నోరు మెదపమాక" అన్నాడు సుధీర్ బాబు.

సుభానీ మర్నాడే సున్నం, రంగు తెచ్చాడు. నోట్లో నాలుక లేని మనిషి, ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి, చారలు పడ్డ గోడను ఎంతో శ్రద్ధగా గీకి, లప్పం పెట్టి నున్న చేస్తుంటే పీరాంబీ గుమ్మంలో నిలబడి చూసింది. "ఏమయ్యా, నువ్వు కూడానా?" అంది.

"ఏం చెయ్యమంటావే? మునిగిపొయ్యేవోడు ఏది దొరికితే అది పట్టుకుంటాడు" అన్నాడతను, వెనక్కి తిరక్కుండానే. ఆమెకూ బయటపడాలనే ఉంది. అందుకే రంగు డబ్బా అతని దగ్గరికి జరిపింది.

కొనేవాళ్లు వచ్చారు. ఉష అని, ఆసుపత్రిలో నర్సు. ఆమె వెంట తల్లి, మోకాళ్ల నొప్పులతో నెమ్మదిగా నడుస్తూ. బేరం దగ్గరుండి కుదర్చడానికి త్రికోటేశ్వరరావు, కాంతమ్మ గారు కూడా వచ్చారు. ఇంద్రజ మజ్జిగ పట్టుకొచ్చింది. గోడలు చూశారు, వంటిల్లు చూశారు, వాస్తు చూశారు. తల్లి చాప మీద కూర్చుని, "ఈ నేల మీద పడుకుంటే చల్లగా ఉంటదే" అని కూతురితో అంది, నవ్వుతూ. సుధీర్ బాబు తమలపాకులు, పళ్లు పళ్లెంలో సర్ది అడ్వాన్సు ఇవ్వమన్నాడు. ఉష పళ్లెం అందుకుని కాంతమ్మ గారి వైపు తిరిగింది.

"ఆమెకు కాదమ్మా, ఈమెకివ్వాల. కాయితం పీరాంబీ పేరున ఉంది. అమ్మేది ఈమే" అన్నాడు సుధీర్ బాబు.

పళ్లెం పీరాంబీ ముందుకు వచ్చింది.  అమ్మేది నేనా! ఇన్ని నెలలుగా అమ్మిన మనిషిని తిట్టని రోజు లేదు, శాపనార్థాలు పెట్టని పూట లేదు. ఆ మనిషి ఇప్పుడు తనే. లాయరమ్మ చెప్పిన చట్టం ఇక తన మీదికే. ఎదురుగా ఆ ముసలామె చాప మీద మోకాళ్లు రుద్దుకుంటోంది. పళ్లెం అందుకోవడానికి చేతులు వాటంతటవే లేచాయి కూడా. వాటిని చూసి ఆమెకే భయమేసింది. సుభానీ కళ్లతోనే బతిమాలుతున్నాడు. పుచ్చుకో, దేవుడి తోడు, పుచ్చుకో.

"వద్దమ్మా" అంది పీరాంబీ. పళ్లెం వెనక్కి జరిపింది. మళ్లీ అంది. "కాలవ వదిలితే ఈ ఇంట్లో నేల ఊరుద్ది. ఈ గది, ఆ గది, వంటిల్లు, మొత్తం. చలికాలం పోయేదాకా ఆరదు. మీ అమ్మ ఆ కాళ్లతో ఇక్కడ బతకలేదు. అంతా తెలిసి కూడా కావాలంటే తీసుకోండి, లేదంటే పోండి."

మజ్జిగ గ్లాసు ఇంద్రజ చేతిలోంచి జారి కింద పడింది. సుధీర్ బాబు నెత్తి కొట్టుకుని, "కొంప ముంచావు గదే!" అన్నాడు. సుభానీ గోడకు ఆనుకుని అట్లాగే కూలబడ్డాడు. ఉష పళ్లెం పట్టుకుని బొమ్మలా నిలబడిపోయింది. ఆమె పీరాంబీ వంక చూసి, తర్వాత ఒక్కొక్కరి మొహం చూసుకుంటూ వచ్చింది. "మీ అందరికీ తెలుసా?" అని అడిగింది. ఇంద్రజ వంగి గ్లాసు ఏరుకుంది.

త్రికోటేశ్వరరావే ముందు తేరుకున్నాడు. "డబ్బు కోసం మా మీద పగబట్టిందమ్మా, దాని మాట నమ్మమాకండి. ఈ ఇంట్లో మేం ఇన్నేళ్లున్నాం, చుక్క నీరు..."

"ఊరుతయ్యి" అంది కాంతమ్మ గారు.

అందరూ అటు తిరిగారు. ఆమె పీరాంబీనే చూస్తోంది, ఇంతకు ముందు ఎన్నడూ చూడనట్టు.  "ఊరుతయ్యి తల్లీ. ఈ ఇంటికొచ్చిన కాణ్ణించీ ఊరుతూనే ఉన్నయ్యి. నాకు తెలుసు. ఈ పిల్లకి చెప్పలా. అక్కా అక్కా అంటా తిరిగిందానికి ఒక్క ముక్క చెప్పలా నేను" అంది, లాయరమ్మ కావాలన్న ఆ రెండు మాటలనూ, నర్సు వింటుండగా, బ్రోకరు వింటుండగా, ఇంద్రజ వింటుండగా.

"ఏమే! నోరు ముయ్యి!" అని గర్జించాడు త్రికోటేశ్వరరావు.

"ఇంకెన్నాళ్లు మూసుకోనయ్యా?" అని కాంతమ్మ గారు ఆ కొత్త రంగు గోడ పక్కన, ఉత్త నేల మీద కూర్చుని భోరున ఏడ్చింది. పీరాంబీకి ఆమెను కొట్టాలో, పట్టుకోవాలో తెలియలేదు. తను కూడా పక్కనే కూర్చుంది.